వట్టి గిట్టల గుర్రం మళ్లీ పనిలోకి: రెండు వేల నాలుగొందల ఏళ్ల కథ

ఈసారి పోస్టు పొడుగైంది. డ్యూటీ దిగినాక, అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకోండి. శుక్రవారం దాకా దాచుకున్నా పర్వాలేదు.

మనిషి గుర్రాన్ని మచ్చిక చేసుకుని నాలుగు వేల ఏళ్లు దాటింది. దాని గిట్టకు మేకులు దించి ఇనుప లాడం కొట్టడం మామూలై వెయ్యేళ్ల పైచిలుకే. అంటే అంతకుముందు మూడు వేల ఏళ్లు రథాలు లాగిన గుర్రాలు, యుద్ధాలకు పోయిన గుర్రాలు, రాజుల ఉత్తరాలు మోసిన గుర్రాలు దాదాపు అన్నీ వట్టి గిట్టలతోనే నడిచాయి. మరి వాటికి గిట్టలు నొయ్యలేదా అంటే, నొచ్చాయి. బాగా నొచ్చాయి. ఆ నొప్పికి సైన్యాలు ఆగిపోయాయి, రాజులు ఓడిపోయారు, ఇదే గల్ఫ్ రేవుల్లో వ్యాపారులు బంగారం మూటలు కట్టుకున్నారు. ఆ చరిత్ర మనకెందుకంటే, ఇప్పుడు సీజన్ మొదలైంది.

ఇస్తబల్‌లో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ ఎండాకాలం నాలుగైదు నెలలు గుర్రాలకు పని ఉండదు. చాలాచోట్ల లాడాలు ఊడదీసి వదిలేస్తారు. చల్లబడగానే మళ్లీ పని మొదలు. ఈ మధ్య కొందరు యజమానులు, లాడాలే వద్దు, వట్టి గిట్టతోనే నడిపిద్దాం అంటున్నారు. ఆలోచన మంచిదే. కానీ నాలుగు నెలలు ఇసుకలో, నీడలో నిలబడ్డ గుర్రాన్ని తెచ్చి వారం తిరక్కుండా గులకరాళ్ల నేల మీద పరుగెత్తిస్తే ఏమైతది? అడుగులు పొట్టివైతాయి. రాయి తగిలితే కాలు చటుక్కున ఎత్తేస్తది. దారి మధ్యలో నడవకుండా మెత్తగా ఉండే అంచుకు పోతది. ముదీర్ వచ్చి చూసి అడిగే మొదటి మాట: "ఏం చేసినవ్ దీన్ని?" అడిగేది సాయిస్‌నే.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట, పేరు వద్దు, ఇట్లాగే రెండో వారంలో రాళ్ల మీదికి తీసుకుపోయిన గుర్రం కుంటింది. తీసుకుపొమ్మన్నది పైవాళ్లు. నెల జీతంలో కోత పడ్డది మాత్రం నా పక్క మంచంలో పడుకునే రాజస్థాన్ పిల్లగాడికి. ఆ పిల్లగాడు వద్దని చెప్పిండు. ఎందుకు వద్దో చెప్పే మాటలు వాడి దగ్గర లేవు. ఆ మాటలు మన దగ్గర ఉండాలనే ఈ పోస్టు.

ముందు గిట్ట సంగతి రెండు ముక్కల్లో. గిట్ట అంటే మన గోరు లాంటిదే, పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టి కిందికి పెరుగుతుంది. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. పైన పుట్టిన గోడ ముందు వైపు నేలను తాకేసరికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అడుగున అరికాలు ఉంటుంది, దాని మధ్యలో త్రికోణంగా రబ్బరు లాంటి మెత్తటి భాగం ఉంటుంది. పాకిస్తానీ నాల్‌బందులు దాన్ని పుత్లీ అంటారు. అరికాలు మందం 15 మిల్లీమీటర్ల దాకా ఉంటే గుర్రం రాళ్ల మీద ధైర్యంగా అడుగేస్తుంది. 10 కంటే తగ్గితే ప్రతి గులకరాయీ లోపలి ఎముక దాకా తెలుస్తుంది. లాడం ఉన్నన్నాళ్లు అరికాలు నేలను సరిగా తాకదు. లాడం తీసిన రోజున ఆ అరికాలికి రాయి అంటే ఏంటో తెలియదు. దానికి నేర్పాలి. నేర్పడానికి నెలలు పడుతుంది.

ఈ సంగతి మొదట వివరంగా రాసిపెట్టినవాడు జెనోఫన్ అనే గ్రీకు సైనికుడు. ఏథెన్స్ మనిషి, క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం. కిరాయి సైన్యంలో చేరి పారశీక దేశం దాకా పోయి, ప్రాణాలతో తిరిగొచ్చినవాడు. ఒకరకంగా ఆయనా పరదేశంలో పనిచేసినవాడే. గుర్రపు స్వారీ మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ ఉంది. లాడాలు లేని కాలం కాబట్టి, గిట్టను గట్టి చేయడం ఎట్లా అనేది ఆయనకు ప్రాణం మీది ప్రశ్న.

ఆయన చెప్పింది ఇది. తడిగా, నున్నగా ఉండే నేల మంచి గిట్టను కూడా పాడు చేస్తుంది. కాబట్టి కొట్టంలో నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి, నేలలో గిట్టంత రాళ్లు దగ్గర దగ్గరగా పరవాలి. కొట్టం బయట నాలుగైదు బళ్ల గుండ్రాళ్లు పోయించాలి, ఒక్కొక్కటి చేతిలో పట్టేంత. అవి చెదిరిపోకుండా చుట్టూ ఇనుప అంచు కట్టాలి. మాలిష్ చేసేటప్పుడు గుర్రాన్ని ఆ రాళ్ల మీదే నిలబెట్టాలి. ఈగలు వాలితే గుర్రం ఊరికే ఉండదు కదా, కాళ్లు తాటిస్తూనే ఉంటుంది. అట్లా తాటించిన ప్రతిసారీ రాళ్ల దారిలో నడిచినట్టే. పని చెప్పకుండానే పని జరుగుతుంది.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. ఇక్కడ మనం చేసేది పూర్తిగా దీనికి ఎదురు. సాయంత్రం పూట పైపు పెట్టి గుర్రాన్ని తడుపుతాం, ఆ నీళ్లలోనే అరగంట కట్టేసి ఉంచుతాం. తర్వాత ఎండిన ఇసుకలో వదులుతాం. తడిసి ఎండి, తడిసి ఎండి గిట్ట అంచులు చిట్లుతాయి, అరికాలు మెత్తబడుతుంది. రెండు వేల నాలుగొందల ఏళ్ల కింద ఒకాయన వద్దని రాసిన పనిని మనం రోజూ చేస్తున్నాం.

జెనోఫన్ చెప్పినట్టు తయారుచేసినా, పని హద్దు దాటితే గిట్ట ఓడిపోతుంది. దానికి పెద్ద సాక్ష్యం అలెగ్జాండర్ సైన్యం. క్రీస్తు పూర్వం 326లో ఆ సైన్యం మన పంజాబులో బియాస్ నది ఒడ్డున ఆగిపోయింది, ఇక ముందుకు రాము అన్నది. ఎందుకంటే సైనికులు అలసిపోయారు అని బడిలో చదువుకున్నాం. డయోడోరస్ అనే చరిత్రకారుడు ఇంకో మాట కూడా రాశాడు: ఎడతెగని నడకకు గుర్రాల గిట్టలు అరిగిపోయాయని. ఎనిమిదేళ్ల నడక. గిట్ట నెలకు ఒక సెంటీమీటరు కూడా పెరగదు, సైన్యం రోజూ దాన్ని అరగదీస్తుంది. ఆ లెక్క ఏ రాజు ఆజ్ఞకూ లొంగదు.

రెండొందల యాభై ఏళ్ల తర్వాత ఇంకో కథ. ఇప్పటి టర్కీ దేశంలో మిత్రిడాటిస్ అనే రాజు రోమన్లతో పోరాడుతూ క్రీస్తు పూర్వం 73 ప్రాంతంలో సిజికస్ అనే పట్టణాన్ని ముట్టడించాడు. చలికాలం వచ్చింది, మేత అయిపోయింది. గుర్రాలు చిక్కిపోయాయి, గిట్టలు అరిగి కుంటుతున్నాయి. పనికిరావని వాటిని చుట్టుదారిన వెనక్కి పంపించాడు. రోమన్ సేనాని లుకుల్లస్ దారిలో ఒక నది దగ్గర వాటిని పట్టుకున్నాడు. ఆరు వేల గుర్రాలు, పదిహేను వేల మంది మనుషులు దొరికిపోయారని అప్పియన్ రాశాడు. కుంటే గుర్రం పరుగెత్తి తప్పించుకోలేదు. దాని పక్కన నడిచే మనిషి పరిస్థితీ అంతే.

మరి రోమన్లు ఏం చేశారు? వాళ్ల రోడ్లు రాతి రోడ్లు. అందుకని వాళ్లు ఇనుప చెప్పులు తయారుచేశారు, మేకులు ఉండవు, తాళ్లతో, తోలు పట్టీలతో గిట్టకు కట్టేవి. అవసరం పడితే కట్టడం, తీరాక విప్పడం. యూరప్‌లో తవ్వకాల్లో ఇవి చాలా దొరికాయి. జపాన్‌లో అయితే గుర్రాలకు గడ్డి చెప్పులు అల్లేవాళ్లు. మనుషులకు అల్లినట్టే, వరిగడ్డితో. అరిగిపోతే పారేసి ఇంకో జత కట్టడమే. పందొమ్మిదో శతాబ్దం దాకా అక్కడ ఇదే పద్ధతి నడిచింది. ఇప్పుడు మన దగ్గర కొందరు యజమానులు వందల దిర్హాములు పెట్టి తెప్పించే రబ్బరు బూట్లు ఉన్నాయి చూడండి, వాటి తాతముత్తాతలు ఇవే.

ఇక్కడ కూలి గురించి ఒక్క మాట, మనకు ఇష్టమైన విషయం కదా. క్రీస్తు శకం 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ సామ్రాజ్యం మొత్తానికి ధరలు, కూలి రేట్లు నిర్ణయించి రాతి మీద చెక్కించాడు. అందులో పొలం కూలీకి రోజుకు తిండి పెట్టి 25 డినారియస్‌లు. ఒంటెలు తోలేవాడికీ 25. పశువుల వైద్యుడికి ఒక జంతువు వెంట్రుకలు కత్తిరించి గిట్టలు సరిచేసినందుకు 6. గిట్టలు చెక్కడానికి రేటు ఉంది, లాడం కొట్టడానికి రేటు కనపడదు. అంటే అప్పటికి అది రోజువారీ పని కాదని అర్థం చేసుకోవచ్చు.

మేకులతో కొట్టే లాడం గురించి తిరుగులేని రాత క్రీస్తు శకం 900 ప్రాంతంలో వస్తుంది. బైజాంటిన్ చక్రవర్తి ఆరో లియో తన యుద్ధ గ్రంథంలో అశ్వదళానికి కావలసిన సామాన్ల జాబితా ఇస్తూ, చంద్రవంక ఆకారం ఇనుములు, వాటి మేకులు అని రాశాడు. ఆ తర్వాత రెండు మూడు శతాబ్దాల్లో అది అంతటా పాకింది. ఎందుకు పాకిందంటే, గుర్రం బాగుకోసం కాదు. మనిషి తొందర కోసం. లాడం కొడితే గిట్ట గట్టిపడే దాకా ఆగనక్కర్లేదు. ఈరోజు కొట్టు, రేపు ఎక్కు. మంచిదా చెడ్డదా అని నేను అనట్లేదు. అది ఆగే సమయాన్ని కొనుక్కునే పద్ధతి, అంతే.

ఈ పద్ధతి మన వైపు వచ్చిన దారి మాటల్లోనే కనిపిస్తుంది. ఇక్కడ అరబ్బులు కాళ్లకు వేసుకునే తోలు చెప్పుల్ని నఆల్ అంటారు, మీరందరూ రోజూ వినే మాటే. అదే మాట ఉర్దూలో నాల్ అయింది, గుర్రం చెప్పు. దాన్ని బిగించేవాడు నాల్‌బంద్. హైదరాబాద్ పాతబస్తీలో తాతల కాలం నుంచి వినే మాట. సాయిస్ కూడా అరబ్బీ మాటే, గుర్రాన్ని చూసుకునేవాడు అని. మనోళ్లు చాలామంది అది హిందీ మాట అనుకుంటారు. పశువుల డాక్టర్‌ని బైతార్ అంటారు, ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో ఈజిప్టు సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ కొట్టాల్లో పనిచేసిన అబూ బక్ర్ అనే బైతార్ గుర్రాల జబ్బుల మీద పెద్ద గ్రంథమే రాశాడు. అంటే ఈ విద్య అరబ్బుల దగ్గర పుస్తకాల్లోకి ఎక్కిన విద్య.

ఇప్పుడు మనకూ ఈ గల్ఫ్‌కూ ఉన్న అసలు బంధం దగ్గరికి వస్తున్నా. మనం ఇక్కడికి పనికి రావడం నిన్నమొన్నటిది. అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు నుంచి ఇక్కడి గుర్రాలు మన దేశానికి పనికి పోతున్నాయి. ఒమన్‌లో సలాలా ఉండే ధోఫార్ ప్రాంతం తెలుసు కదా, అక్కడి నుంచి మేలుజాతి గుర్రాలు ఓడల్లో ఇండియాకు పోతాయని, గాలి బాగుంటే నెలరోజుల ప్రయాణమని ఇబ్న్ బతూతా రాశాడు. హోర్ముజ్, ఖల్హాత్, ఏడెన్, అన్నీ గుర్రాల రేవులే.

వెనిస్ వ్యాపారి మార్కో పోలో పదమూడో శతాబ్దం చివర్లో మన తీరం మీదుగా పోయాడు. మోటుపల్లి గురించి, అక్కడ న్యాయంగా ఏలుతున్న రాణి గురించి రాశాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. దానికి దక్షిణాన ఉన్న తమిళ తీరం, అప్పట్లో మాబర్ అనేవాళ్లు, అక్కడి రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడని, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా బతకవని రాశాడు. కారణం ఏమిటంటే చూసుకునేవాళ్లు లేరు, గుర్రాల వైద్యం, లాడం పని తెలిసినవాళ్లు లేరు. ఎందుకు లేరు? అమ్మే వ్యాపారులు అట్లాంటివాళ్లను వెంట తీసుకుపోరు, ఎవరైనా పోతామన్నా పోనివ్వరు. పనివాడు పోతే గుర్రం బతుకుతుంది. గుర్రం బతికితే వచ్చే ఏడాది బేరం పోతుంది.

ఇంకోసారి చదవండి. గిట్ట చూసే పనివాడి ప్రయాణాన్ని ఆపడమే వ్యాపారం. మన పాస్‌పోర్టులు బీరువాలో పెట్టుకున్నోళ్ల సంగతి మీకు గుర్తొస్తే తప్పు నాది కాదు.

అదే కాలంలో వస్సాఫ్ అనే పారశీక చరిత్రకారుడు ఈ వ్యాపారం గురించి ఇంకో వివరం ఇచ్చాడు. ఏటా పది వేల గుర్రాలు పోయేవని, ఒక్కో దాని ధర 220 బంగారు దీనార్లని. అక్కడికి పోయాక వాటిని తాళ్లతో కట్టేసి ఉంచేవాళ్లట. పచ్చి బార్లీకి బదులు వేయించిన బార్లీ, వెన్న వేసిన గింజలు పెట్టి, కాచిన ఆవు పాలు తాగించేవాళ్లట. ప్రేమతోనే పెట్టి ఉంటారు. మన ఇళ్లల్లో చుట్టం వస్తే పెట్టినట్టు. కానీ ఇప్పటి ఏ గుర్రాల డాక్టర్ చదివినా గుండె గుభేల్మంటది. కదలకుండా కట్టేసిన గుర్రానికి బలమైన గింజ పెడితే గిట్ట లోపల వాపు వస్తుంది, లామినైటిస్ అంటారు. గిట్ట గోడకూ ఎముకకూ ఉన్న పట్టు వదిలిపోతుంది. ఆ గుర్రాలన్నీ దానితోనే చచ్చాయని నేను అనను, ఎండ ఉంది, ఓడ ప్రయాణం ఉంది, రోగాలున్నాయి. కానీ గిట్ట నొప్పి నేల నుంచే రాదు, మేత బకెట్ నుంచి కూడా వస్తుంది అనేదానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇక్కడ ఎండాకాలం సెలవులో గుర్రానికి ప్రేమగా ఖర్జూరాలు, బెల్లప్పాకం కలిపిన దాణా పెడతారు చూడండి, అప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

విజయనగరం కాలానికి ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి కొన్నాళ్లు అక్కడ ఉండి రాసిన వివరాల్లో, సాళువ నరసింహుడు వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల లెక్కన కొనేవాడని ఉంది. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బు ఇచ్చేవాడట. కృష్ణదేవరాయలు ఏటా పదమూడు వేల హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని కూడా రాశాడు. రాయలవారు ఆముక్తమాల్యదలో, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులను ఊళ్లు, ఇళ్లు ఇచ్చి ఆదరించాలని, ఆ గుర్రాలు శత్రువుకు పోకుండా చూసుకోవాలని రాజనీతి చెప్పారు. గుర్రానికి ధర ఉంది, తోకకు ధర ఉంది, వర్తకుడికి మర్యాద ఉంది. ఆ గుర్రాల కాళ్లు ఎత్తి గిట్టలో రాయి తీసినవాళ్ల పేరు ఒక్కటి కూడా నాకు ఎక్కడా కనపడలేదు.

గుర్రాల సంగతి మన పల్లెలకు దూరం అనుకుంటారేమో. ఎడ్లను గుర్తు చేసుకోండి. మా తాత కాలంలో దున్నే ఎడ్లకు లాడాలు ఉండేవి కావు. నల్లరేగడిలో, దుక్కిలో నడిచే ఎద్దుకు లాడం ఎందుకు? బండి కట్టి కంకర రోడ్డెక్కే ఎద్దుకే లాడం. సంత రోజున లాడాల సాయిబు వచ్చేవాడు, ఎద్దును తాడేసి పడగొట్టి, నాలుగు కాళ్లు కలిపి కట్టి, ఒక్కో కాలికి రెండు బిళ్లలు కొట్టేవాడు, ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి. దుక్కి ఎద్దును ఒక్కసారిగా బండికి కట్టి రోడ్డుకు తోలితే కాలు పట్టేసేది. అప్పుడు మనోళ్లు ఏమనేవాళ్లు? "ఎద్దు రోడ్డుకు అలవాటు పడలె" అనేవాళ్లు. జెనోఫన్ చెప్పిందీ అదే మాట. నేల మారితే కాలికి గడువు ఇయ్యాలె. గడువు ఇయ్యలేకపోతే చెప్పు తొడగాలె.

యూరప్‌లో ఈ విషయం మీద పెద్ద పంచాయితీయే జరిగింది. 1751లో జెరెమియా బ్రిడ్జెస్ అనే ఇంగ్లిషు ఆయన గిట్టల మీద ఒక పుస్తకం అచ్చేశాడు, దాని పేరే గిట్ట లేకుంటే గుర్రమే లేదని. ఆ దశాబ్దంలోనే ఫ్రాన్స్‌లో లాఫోస్ అనే పశువైద్యుడు, పుత్లీ నేలను తాకాలి, కాబట్టి లాడం ముందు సగానికే, చంద్రవంకలా పొట్టిగా ఉండాలి అన్నాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో బ్రేసీ క్లార్క్ అనే వైద్యుడు, బరువు పడ్డప్పుడు గిట్ట వెడల్పవుతుంది, ఎత్తగానే ముడుచుకుంటుంది, మేకులు ఆ కదలికను బిగించేస్తాయి అని చూపించాడు. ఒకే ఆడగుర్రం గిట్టకు ఏళ్ల తరబడి అచ్చులు తీసి, లాడంతో అది ఎట్లా ఇరుకైపోతుందో పక్కపక్కన పెట్టాడు. కానీ రోడ్లు రాళ్లవి, పని ఆగదు. ఎవరూ లాడం మానలేదు.

1980లలో అమెరికాలో జైమీ జాక్సన్ అనే లాడాల పనివాడు అడవి గుర్రాల వెంట తిరిగి వాటి గిట్టలు చూశాడు. లాడం లేకుండా రాళ్ల మీద తిరిగే ఆ గుర్రాల గిట్టలు పొట్టిగా, గట్టిగా, అంచు గుండ్రంగా ఉన్నాయి. అక్కడి నుంచి వట్టి గిట్టల ఉద్యమం మొదలైంది. అయితే ఆస్ట్రేలియాలో అడవి గుర్రాల గిట్టలు కోసి చూసిన పరిశోధకులకు ఇంకో బొమ్మ కనపడింది. రాతి నేల మీద రోజూ చాలా దూరం నడిచే ఆ గుర్రాల్లోనూ పాత లామినైటిస్ గుర్తులు చాలానే ఉన్నాయి. అడవిది కాబట్టి అంతా మంచిదే అనుకోవద్దు అని వాళ్లు తేల్చారు. అడవి గుర్రం కూడా కుంటుతుంది, కాకపోతే దాని జీతంలో ఎవరూ కోయరు.

ఇంత చరిత్రలోంచి మన కొట్టానికి ఏం తెచ్చుకోవచ్చో ఇప్పుడు చెప్తా. ఇది డాక్టర్ మాట కాదు, పన్నెండేళ్లు గిట్టలు ఎత్తినవాడి మాట.

ఒకటి, నేల. గుర్రం నీళ్లు తాగే తొట్టి చుట్టూ బఠాణీ గింజ నుంచి చిన్న ఉసిరికాయంత గుండ్రాళ్లు ఒక జానెడు మందం పోయించమని అడగండి. పదునైన కంకర వద్దు. రోజుకు పదిసార్లు నీళ్లకు వస్తుంది, పదిసార్లు దానంతట అదే పాఠం నేర్చుకుంటుంది. కడిగినాక ఆరిన చోట నిలబెట్టండి.

రెండు, చెక్కుడు. అరికాలు చెక్కనివ్వొద్దు. కొందరు నాల్‌బందులు తెల్లగా మెరిసేదాకా గీకుతారు, చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ ఆ గీకిన మందమే గుర్రానికి చెప్పు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి అంచు ఆకురాయితో గుండ్రం చేస్తే చాలు.

మూడు, పని. మొదటి రెండు వారాలు చేత్తో పట్టుకుని నడిపించడమే, సమంగా ఉన్న గట్టి ఇసుక మీద, పదిహేను ఇరవై నిమిషాలు. తర్వాత గట్టి నేల మీద కొద్ది నిమిషాలు కలపండి. ఆ తర్వాతే మనిషి బరువు. ఆ తర్వాతే దుల్కీ. ఒక వారంలో ఒక్కటే మార్చండి, దూరమైనా, వేగమైనా, నేలైనా. మూడూ ఒకేసారి మార్చితే కాలు దేనికి నొచ్చిందో ఎవరికీ తెలియదు. పని అయిన వెంటనే చూడ్డం కాదు, మర్నాడు పొద్దున కొట్టంలోంచి బయటికి వేసే మొదటి పది అడుగులు చూడండి. మడమ ముందు పడుతుంటే బాగున్నట్టు. కొస ముందు పడుతుంటే, అడుగు పొట్టిదైతే, నిన్నటి పని ఎక్కువైనట్టు. ఆరోజు వెనక్కి తగ్గండి. రాళ్ల దారి తప్పదంటే బూట్లు తొడగండి, రోమన్లు, జపాన్ వాళ్లు చేసింది అదే.

నాలుగు, ఎప్పుడు ఆగకూడదు అనేది. గిట్ట వేడిగా ఉండి, మడమ పైన నాడి కొట్టుకోవడం వేలికి గట్టిగా తెలుస్తుంటే, ముందుకాళ్లు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడితే, తిరగనంటే, అది రాయి నొప్పి కాదు. నిన్న బాగుండి ఈరోజు ఒక కాలు అసలు దించకపోయినా అంతే, లోపల చీము ఉండొచ్చు. అప్పుడు నడిపించి చూద్దాం అనేవాడి మాట వినొద్దు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, ఎన్నింటికి చెప్పారో ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఉంచుకోవాలి. ఆ మెసేజ్ గుర్రానికీ పనికొస్తది, మీకూ పనికొస్తది.

ఇంకొకటి. లాడం పాపం కాదు. కొన్ని గుర్రాల అరికాలు పుట్టుకతోనే పల్చన. కొన్ని పందేలు రోజులో 160 కిలోమీటర్ల దాకా ఉంటాయి. అక్కడ లాడం కావాలంటే కొట్టించడమే మంచిది. వట్టి గిట్టలతోనే నడిపిస్తాం అని పంతం పట్టి గుర్రాన్ని కుంటించడం కంటే అది ధర్మం.

ఇక ముదీర్‌కు ఎట్లా చెప్పాలి అనేది. వాదన పెట్టుకోకండి, గిట్టనే చూపించండి. గిట్ట గోడ మీద అడ్డంగా గీతలు ఉంటాయి. మేత మారినా, జ్వరం వచ్చినా, పని మారినా ఒక గీత పడుతుంది, అది మెల్లగా కిందికి దిగుతుంది. వెంట్రుకల అంచు నుంచి గీత దాకా టేపుతో కొలవండి. నాలుగు సెంటీమీటర్లు ఉంటే దాదాపు ఐదు నెలల కిందటి సంగతి అది. అంటే గుర్రం తన కాలి మీదే డైరీ రాసుకుంటుంది. లాడం తీసిన రోజున ఫోటో తీసి తేదీ వేయండి, నెలనెలా అదే చోట నుంచి తీయండి. కొత్త గోడ ఎంతవరకు దిగిందో ఆ ఫోటోలు చెప్తాయి. "సార్, ఇంకా సగం కూడా దిగలేదు, మీరే చూడండి" అంటే ఆ మాటకు బరువు ఉంటది. మా దగ్గర ఇట్లా రెండు సీజన్లు ఫోటోలు పెట్టినాక, ఏ వారం ఏ నేల అనేది ఇప్పుడు మమ్మల్ని అడిగే నిర్ణయిస్తున్నారు.

మనమూ రెండు నెలలు ఇంటికి పోయి, కొత్త సఫారీ చెప్పులేసుకుని తిరిగి, దిగిన మర్నాడే సేఫ్టీ షూ వేసుకుని పన్నెండు గంటలు నిలబడతాం. మొదటి వారం మడమలు ఎట్లా మండుతాయో మీకు తెలుసు. మనం నోరు విప్పి చెప్పగలం, చెప్పినా కొన్నిసార్లు వినేవాడు ఉండడు. గుర్రం చెప్పలేదు, అడుగు పొట్టిది చేసి చూపిస్తుంది. చూసేవాడు మనమే.

ఈసారి సెలవుకు పోయినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఎడ్లకు లాడాలు కొట్టిన పెద్దాయన ఎవరైనా ఇంకా ఉంటే, పక్కన కూర్చుని అడగండి: కుంటే ఎద్దును ఎట్లా గుర్తుపట్టేవాళ్లు, ఎన్ని రోజులు ఆపేవాళ్లు, గిట్టకు ఏం రాసేవాళ్లు అని. వీలైతే ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. రాజుల గుర్రాల లెక్కలు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. గిట్ట పట్టుకున్నవాళ్ల మాటలు రాయడానికి మనం తప్ప ఎవరున్నారు?